సున్నా మార్కుల కూత

టర్కీ కోళ్లను కూతతో దగ్గరికి రప్పించే నోటిపీకలు చేయడంలో డోయల్ ఆ కొండల్లో పేరు మోసినవాడు. ఏటా మనుషులు టర్కీల్లా కూసే పోటీలో మార్కులు వేసేదీ ఆయనే. ఆ ఉదయం వేటకని బావమరిది వెర్నన్‌తో కలిసి ఓక్ చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. కత్తెరతో రబ్బరు పొర సవరించి సవరించి శ్రుతి చేసిన కొత్త పీకను అంగిలికి ఆనించి, అచ్చం టర్కీ పెట్టలా కూశాడు. దూరంగా పుంజు బదులిచ్చింది.

అంతలో పొదల వెనక నుంచి ఇంకో కూత. బొంగురు గొంతు, తాళం తప్పిన కూత.

"ఎవడు బావా వాడు?" అని గుసగుసలాడాడు వెర్నన్.

డోయల్ పీకను బుగ్గలోకి తోశాడు. "ఎవడో చేతకాని వెధవ. రబ్బరు బిగించడం కూడా రాదు. వేటంతా చెడగొడుతున్నాడు!"

పొదలు కదిలాయి. అలాగే బొంగురుగా కూస్తూ నిజమైన టర్కీ పెట్టే బయటికొచ్చింది. పుంజు పరుగున వచ్చి, డోయల్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా దాని వెంటపడి పోయింది. ఆయన తుపాకీ ఎత్తడమే మరిచిపోయాడు.

"మరి ఇన్నాళ్లూ మనం కూసింది ఎవరి కూత బావా?" అన్నాడు వెర్నన్.

డోయల్ పీకను అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకాస్త కత్తిరించాలో, కత్తిరించిందే ఎక్కువైందో ఎంతకీ తేలలేదు. ఆ పెట్టే గనక పోటీకి వచ్చి ఉంటే, సున్నా వేసి ఇంటికి పంపేవాడు.