రంగు మీద పెట్టిన క్లిప్పు

నేను ఒక ఇత్తడి క్లిప్పుని. మొసలి నోరు, గట్టి స్ప్రింగు, తోకకి పచ్చ వైరు. ఆ వైరు రెండో కొస భూమిలో ఉంటుంది. బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో నన్ను పోతపోశారు. ఎవరు పోశారో నాకు గుర్తులేదు, వాళ్లకీ నేను గుర్తుండను. సూర్యాపేట కొట్లో ఏడాది మేకుకి వేలాడి, హైవే మీది పెట్రోలు బంకుకి వచ్చిపడ్డాను.

నా పని చిన్నది. ట్యాంకరు రాగానే, పైపు తగిలించకముందే, నేను దాని ఇనుముని కరవాలి. అది దారిపొడవునా పోగేసుకొచ్చిన కరెంటు నాలోంచి మట్టిలోకి దిగిపోవాలి. దిగకపోతే ఎక్కడో చిన్న నిప్పురవ్వ. పెట్రోలు ఆవిరికి అంతకంటే అక్కర్లేదు.

పన్నెండేళ్లు నన్ను పట్టుకున్నది జానయ్యే. లోడు దింపించే మనిషి. తాళంచెవితో రంగు గీకి, ఇనుము తెల్లగా కనబడ్డాకే నన్ను పెట్టేవాడు. డ్రైవర్లు నవ్వేవాళ్లు. "ఏం జానయ్యా, లారీకి గడ్డం గీస్తున్నవా?"

దసరా మర్నాడు డ్రైవరు మల్సూరు ట్యాంకరు కొత్త రంగుతో వచ్చింది. నిమ్మకాయల దండ, బంతిపూలు, కుంకుమ. జానయ్య తాళంచెవి తీస్తే మల్సూరు చెయ్యి పట్టుకున్నాడు.

"గీకకు బావా, నీ కాళ్లు మొక్కుత. మొన్ననే ఏయించిండు మా సేటు. గీత పడితే నన్ను బండి దింపేస్తడు."

"ఇనుము తగలాలె గద."

"యాడికి పోతది ఇనుము? రంగు కిందనే ఉంటది గదా!"

జానయ్యకీ నవ్వొచ్చింది. పండగ పూట ఒకడి పొట్ట కొట్టడమెందుకు అనుకున్నాడేమో, రంగు మీదే నన్ను పెట్టాడు. కరిచాను. మెత్తగా ఉంది. నాలోంచి ఏమీ దిగలేదు.

వాల్వు తిప్పాక, కారుతున్న పైపు మూతిని జానయ్య సర్దబోతుంటే నిప్పురవ్వ టప్పుమంది. మంట లేచింది. మల్సూరు పరుగెత్తాడు. జానయ్య మంటలో చేతులు పెట్టి వాల్వు కట్టేశాడు. ఎవరో ఇసుక బకెట్లు గుమ్మరించారు. ఆరిపోయింది.

ఆ వేడికి కొత్త రంగు పొంగి, పెచ్చులూడి రాలింది. అప్పుడు తగిలింది నా పళ్లకి ఇనుము.

తనిఖీకొచ్చినవాళ్లు రాసుకున్నారు, క్లిప్పు పెట్టే ఉందని. అబద్ధమేం కాదు.

స్ప్రింగు చచ్చిపోయి నేనిప్పుడు బంకు వెనక తుక్కు డ్రమ్ములో ఉన్నాను. కొత్త క్లిప్పు వచ్చింది. జానయ్య కూడా ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాడు, మంటకి బిగుసుకుపోయి వంగని వేళ్లతో. ఏ క్లిప్పునీ నొక్కలేడు. కుర్చీలో కూర్చుంటాడు, ట్యాంకరొస్తే లేస్తాడు.

ఈ దసరాకీ మల్సూరు సేటు రంగు వేయించాడు.

"గీకినవా?" అన్నాడు జానయ్య, కొత్త పనివాడితో.

వాడు డ్రైవరు వంక చూశాడు. మల్సూరు తన తాళంచెవి తీసి తనే గీకాడు.

జానయ్య వంగి చూశాడు. పోయి కూర్చున్నాడు.