లాడ్జీలో దిగిన కుప్పమ్మత్త

"మీలో ఎవురన్నా ఎప్పుడన్నా తిరపతి లాడ్జీలో దిగినారా?" అని అడిగాడు మునిరామయ్య.

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. సొంతూళ్లో లాడ్జీలో ఎవరు దిగుతారండీ? మాది పక్కనే ఉన్న చంద్రగిరి, నాతో పాటు ప్రోగ్రాములు రాసే ఉబేద్‌ది గాంధీరోడ్డు, ఆఫీసు పెట్టిన హరినాథ్ అన్నది భవానీనగర్. రైల్వేస్టేషన్ ఎదుట ఉన్న మునిరామయ్య లాడ్జీ కోసం నాలుగు నెలలు బైరాగిపట్టెడలో ఒక మేడ మీద తలుపులేసుకుని సాఫ్ట్‌వేర్ రాశాం. గదులన్నీ రంగురంగుల గళ్లలో కనబడే తెర నాది. దాన్ని చూసుకుని నేనెంత మురిసిపోయానో! తీరా చూస్తే ఆ ప్రోగ్రాము ఒక రోజుకు తక్కువైతే గది ఇవ్వనంటుంది, మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చెయ్యమంటుంది.

"గుండ్లు కొట్టించుకొని కొండ దిగినోళ్లు నీళ్లు పోసుకొని రెండు గంటల్లో బస్సెక్కతారమ్మా. తెల్లారుజామున వచ్చినోడు మళ్లా తెల్లారుజామునే పోతాడు. ఈ పన్నెండు గంటల సంగతి మీకెవురు సెప్పినారు?"

ఎవరు చెప్పారు? హోటళ్ల గురించి చదివిన పుస్తకంలో ఉంది.

బయటికొచ్చాక హరినాథ్ అన్న తేల్చేశాడు. మునిరామయ్య వద్దంటే ఆఫీసు మూసేసి బెంగళూరు పోతాడట. ఉబేద్‌కేం, వాడూ పోతాడు. నన్ను మాత్రం మా నాయన పంపడు. "ఊర్లో ఉద్యోగమైతే చెయ్యి, లేకుంటే బీఎడ్ చదువు" అన్నది ఆయన తీర్మానం. ప్రోగ్రాములు రాయడమంటే నాకు ప్రాణం. పిల్లల చేత ఎక్కాలు చెప్పించడం నా వల్ల కాదు.

మునిరామయ్యను బతిమాలి ఇంకో అవకాశం సంపాదించాం. ఈసారి హరినాథ్ అన్న బెంగళూరు స్నేహితుల దగ్గర విన్న కొత్త పద్ధతి పట్టాడు. ఎజైల్ అంట. అంతా రాసి ఒకేసారి చూపించడం ఉండదు. కొంచెం రాయడం, ప్రతి శుక్రవారం లాడ్జీ కౌంటరు మీదే పెట్టి మునిరామయ్యకు చూపించడం, ఆయన తిట్టింది దిద్దుకోవడం. అదీగాక ఒకే కంప్యూటరు ముందు ఇద్దరు కూర్చోవాలి, ఒకరు రాస్తుంటే ఇంకొకరు చూస్తుండాలి.

నా పక్కన ఉబేద్. ఒళ్లు మండిపోయేది. నేను లైను పూర్తి చేయకముందే "ఈడ తప్పుండాది నందినీ" అంటాడు. "రాయనీ అప్పా, నీకు దండం పెడతా!" అని అరిచేదాన్ని. మొదటి రోజే నా రంగుల తెర తీసేద్దామన్నాడు. ఆ పూట అన్నం తినలేదు నేను. సాయంత్రం నేనే తీసేశాను, వాడి చేత తీయించుకోవడం ఇష్టంలేక.

తొలి శుక్రవారం గంటల లెక్కన గది ఇవ్వడం చూపించాలి. "మీ ప్రయోగాలు నాకొచ్చే యాత్రికుల మింద వద్దు, మీ మనుషుల్ని తెచ్చుకోండి" అన్నాడు మునిరామయ్య. సరిగ్గా ఆ రోజే పలమనేరు నుంచి మా కుప్పమ్మత్త సంసారం మొక్కు తీర్చుకోవడానికి కొండకొచ్చింది. దర్శనానికొచ్చే చుట్టాలంతా మా ఇంట్లోనే దిగడం ఆనవాయితీ. నేను మాత్రం గుండ్లు కొట్టించుకుని కొండ దిగిన వాళ్లను బస్టాండు నుంచి తిన్నగా లాడ్జీకి తీసుకొచ్చాను.

అత్త గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇల్లు పెట్టుకొని లాడ్జీలో దింపతావా మే? మేమేం పరాయోళ్లమా? ఉండు, మీ నాయన్ను అడగతా!" చందనం పూసిన గుండ్లన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

"అత్తా, నా ఉద్యోగం నీ చేతిలో ఉండాది. రెండు గంటలుండి నీళ్లు పోసుకోండి, ఆ తర్వాత ఇంటికే పోదాం."

"ఆ మాట ముందే సెప్పేడ్సొచ్చు గదా!" అంటూ లోపలికొచ్చింది.

ఉబేద్ వివరాలు కొట్టాడు. గది వచ్చింది, తాళం ఇచ్చారు. మునిరామయ్య తలూపాడు. అమ్మయ్య అనుకున్నాను. రెండు గంటలు గడిచేసరికి అత్త కిందికి దిగింది.

"పిల్లోళ్లు నిద్రపోతా ఉండారు. మేం నలుగురం గోయిందరాజసామి గుడికి పోయొస్తాం. రూము సాయంత్రం దాకా ఉంచండి."

గడువు పెంచడం మేము రాయనే లేదు!

"ఇది రోజూ జరిగేదే గదప్పా," అన్నాడు మునిరామయ్య కళ్లజోడు తీస్తూ.

ఉబేద్ లేచి కుర్చీ నా వైపు తోశాడు. "నువ్వు రాయి, నేను సూస్తా." రాశాను. మధ్యలో ఒకచోట తప్పుందన్నాడు. ఉంది. మారుమాట్లాడకుండా దిద్దాను. అంతవరకు రాసిన ప్రోగ్రాము చిన్న ముక్కే కాబట్టి కొత్తది ఎక్కడ చేర్చాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. అత్త కౌంటరు మీద మోచేతులాన్చి మమ్మల్ని చూస్తుండగానే పని అయిపోయింది.

"ఇంతేనా? దీనికా నన్ను లాడ్జీపాలు సేసింది?" అంది అత్త. ఉబేద్ పకపకా నవ్వాడు, నాకూ ఆగలేదు.

మునిరామయ్య తానే సాయంత్రం ఆరని కొట్టి చూసుకున్నాడు. తర్వాత, "వచ్చే శుక్రవారం ఏం సూపిస్తారు?" అని అడిగాడు.

వచ్చే శుక్రవారం! అంటే ఆఫీసు ఉంటుంది, నేనూ ఉంటాను. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. హరినాథ్ అన్న గొంతు సవరించుకుని ఏదో పెద్దగా చెప్పబోతుంటే నేనే అడ్డంపడ్డాను.

"మీకేం కావాలో చెప్పండి సార్," అన్నాను.

ఆయన్ను మేము ఆ మాట అడగడం అదే మొదటిసారి. మునిరామయ్య ఇంకో కుర్చీ లాక్కొచ్చి నాకూ ఉబేద్‌కూ మధ్య వేసుకుని కూర్చున్నాడు.