పధ్నాలుగో వారం

నేను ఒక పుస్తకాన్ని. అలా చెప్పుకుంటే అసలైన పుస్తకాలు మూతి తిప్పుకుంటాయని తెలుసు. అచ్చాఫీసు నుంచి కొత్త అట్టతో, రంగుల బొమ్మతో దిగిన బాపతు కాదు నేను. వారపత్రికలోంచి వారానికి ఇన్ని పేజీలుగా చించి, ట్రంకుపెట్టెలో చీరల కింద దాచి, కథ అయిపోయాక దబ్బనంతో కుట్టించిన బైండు పుస్తకాన్ని. అప్పట్లో ప్రతి వీధిలోనూ నాలాంటివాళ్ళం ఇద్దరు ముగ్గురం ఉండేవాళ్ళం.

నా పేజీల వెనకవైపు ఏముంటుందో చూసుకునే అదృష్టం నాకే ఉంది. కథానాయకుడు మోకాళ్ళ మీద కూచుని ప్రేమను వెల్లడించే పేజీకి వెనక రొయ్యల పచ్చడి సగం ఉంది. ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పేలోగా పేజీ అయిపోతుంది. ఇంకోచోట ఒక జోకు ఉంది, నవ్వాల్సిన ముక్క మాత్రం లేదు. ముప్పై ఏళ్ళుగా అందులోని అప్పారావు డాక్టరు ముందు నోరు తెరుచుకుని అలాగే కూచున్నాడు.

నా పేరు 'పొద్దు వాలని రేవు'. రాసింది కాదంబినీదేవి. బైండు చేసిన మస్తాను వీపు మీద బంగారు అక్షరాలతో 'పొద్దు వాలని రేపు' అని కొట్టాడు. దిద్దమంటే, "రేవైతే ఒక్క ఊళ్ళోనే ఉంటదమ్మా, రేపైతే అందరికీ ఉంటది" అని సమర్థించుకున్నాడు.

నన్ను పోగు చేసింది నిడదవోలు రైల్వే క్వార్టర్సులో పక్కపక్క ఇళ్ళ ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు హైమవతి, బుకింగ్ క్లర్కు సోమేశ్వరరావుగారి భార్య. రెండోవారు సుగుణమణి, రైల్వే ఆస్పత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు, తల్లితో ఉండేది. ఇద్దరికీ కలిపి ఒక్కటే పత్రిక. ఒక వారం ఈమె ముందు చదవాలి, మరో వారం ఆమె. ఈ వంతుల విషయంలో ఇద్దరూ సరిహద్దు సైనికుల్లా ఉండేవాళ్ళు.

ఇష్టాలు మాత్రం కలిసేవి కావు. సుగుణది కాదంబినీదేవి పార్టీ. హైమవతిది డిటెక్టివ్ కథల నళినీకుమార్ పార్టీ.

"మీ కాదంబినీదేవి కథలో ఎవరైనా ఏడవకుండా కాఫీ తాగుతారా?" అనేది హైమవతి.

"మీ నళినీకుమార్ కథలో కాఫీ తాగినవాడు బతికి బయటపడ్డాడా వదినా?" అనేది సుగుణ.

సోమేశ్వరరావుగారు ఇదంతా ఆడాళ్ళ కాలక్షేపమని తీసిపారేసేవారు. అయినా ఆయన స్నానానికి వెళ్ళేటప్పుడు తువ్వాలు మడతలో నేను ఉండేదాన్ని. ఆ తడి మరకలు ఇప్పటికీ నా ఆరో వారం మీద ఉన్నాయి. వాటిని హైమవతి కన్నీళ్ళనుకుని ఎంతమంది గౌరవించారో!

ఇక అసలు సంగతి. పదమూడో వారం చివర కథానాయిక మాలిని వానలో తడుస్తూ రేవు దాటి, తనను కాదన్న ఇంటి తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ఎదురుగా... అని మూడు చుక్కలు పెట్టి ఆపేసింది కాదంబినీదేవి. ఆ వారం రోజులూ హైమవతి చారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది.

పధ్నాలుగో వారం సుగుణ వంతు. అప్పుడు ఆస్పత్రిలో డ్యూటీల మీద డ్యూటీలు. పత్రిక తెరవడానికే వీలు దొరకలేదు. ఈలోగా వాళ్ళమ్మ నిమ్మకాయ ఊరగాయ పెట్టి, జాడీ మూతి మీద వెయ్యడానికి మంచి కాగితం కోసం వెతికింది. ఆవిడకు చదువు రాదు. పధ్నాలుగో వారం పేజీలు దళసరిగా, ముచ్చటగా కనబడ్డాయి. జాడీకి పెట్టి, పైన గుడ్డ కట్టేసింది. రెండు రోజుల్లో కాగితం నూనె తాగి అద్దంలా అయిపోయింది. మాలినికీ వెనకపేజీ తలనూనె ప్రకటనకీ తేడా తెలియలేదు.

ఆ సాయంత్రం హైమవతి పదమూడో వారం చేత్తో పట్టుకుని వచ్చేసింది. అందుకే ఏం జరిగిందో నాకు తెలుసు. సుగుణ మెట్ల మీద కూచుని చింతపండులో గింజలు తీస్తోంది.

"చదివేశావా? ఇయ్యి. నా వంతు."

సుగుణ ఇంకో గింజ తీసి పక్కన పెట్టింది. "చదివేశాను వదినా. కానీ అమ్మ జాడీకి కట్టేసింది."

"అయ్యో, అయ్యో! నా ప్రాణం ఊరగాయలో వేసేశారు కదే!"

"గోల పెట్టకు. నేను చెప్తాను, కూచో."

చెప్పింది. తలుపు తీసింది కథానాయకుడి తల్లి. ఒక్క మాట అడగలేదు. మాలిని తడిసిన కాళ్ళు చూసి తువ్వాలు తెచ్చింది. పీట వేసి, వేడి అన్నంలో పప్పు కలిపి పెట్టింది. తిన్నంతసేపూ ఎందుకొచ్చావని అడగలేదు, ఎన్నాళ్ళుంటావని అడగలేదు. చెయ్యి కడిగించి అప్పుడు అంది: "వెళ్ళేటప్పుడు మాత్రం నాకు చెప్పకమ్మా. చెబితే ఆపాలనిపిస్తుంది. ఆపితే నువ్వు వెళ్ళలేవు."

చెబుతున్నప్పుడు సుగుణ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. హైమవతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "చచ్చీ చెడీ కాదంబినీదేవి ఇన్నాళ్ళకి ఒక్క మంచి వారం రాసింది" అంది.

పధ్నాలుగో వారంలో ఏముందో నాకు తెలియదా? అది నా ఒంటి ముక్క కాదూ! అందులో తలుపు తీసింది వంటవాడు. అయ్యగారు ఊళ్ళో లేరన్నాడు. తక్కిన పేజీలన్నీ తాతగారి పొలం తగాదా. పీటా లేదు, పప్పన్నమూ లేదు. అప్పుడు నేను విడి కాగితాల కట్టను. నోరు విప్పి ఎలా చెప్పగలను? చెప్పగలిగినా చెప్పి ఉండేదాన్ని కాదు.

ఆ తర్వాతి వారం హైమవతి తణుకులో పెళ్ళికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పక్కింటికి తాళం ఉంది. సుగుణకు గుంతకల్లు బదిలీ అయిందనీ, ఆ కాగితం చేతికొచ్చి రెండు వారాలు దాటిందనీ ఎవరో చెప్పారు. నిమ్మకాయ జాడీ మాత్రం హైమవతి గుమ్మంలో పెట్టి ఉంది.

"ఒక్క మాట చెప్పలేదు చూశారా! జాడీ ఇచ్చి వెళ్ళడం తెలిసింది గానీ నోరు రాలేదు" అంది భర్తతో.

"ఉత్తరం రాయకపోయావా?" అన్నారాయన.

"ముందు ఆమె రాయాలి. వెళ్ళింది ఆమె."

గుంతకల్లులో సుగుణ ఏమనుకుందో నాకు తర్వాత తెలిసింది: ముందు వదిన రాయాలి, కోపం ఆమెది కాబట్టి. చదువుకున్న ఆడవాళ్ళు ఇద్దరు. ఇక్కడ కూడా వంతుల గొడవే. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

కథ పూర్తయ్యాక హైమవతి నన్ను బైండు చేయించింది. పధ్నాలుగో వారం ఉండాల్సిన చోట మస్తాను నాలుగు తెల్లకాగితాలు వేశాడు, ఎప్పుడైనా దొరికితే అతికించుకోమని. క్వార్టర్సు అంతా నన్ను చదివింది. హైమవతి షరతులు ఖచ్చితం: పేజీ మూల మడవకూడదు, పోపు పెడుతూ చదవకూడదు, పదమూడో వారం అయ్యాక నోరు మూసుకుని ఆమె దగ్గరికి రావాలి. పధ్నాలుగో వారం ఆమె నోటితోనే చెబుతుంది, టీతో సహా. వచ్చినవాళ్ళు వింటూ ఏడ్చేవాళ్ళు. ఆమె మాత్రం పక్కింటి మెట్ల వైపు చూస్తూ చెప్పేది. అక్కడ వేరేవాళ్ళ పిల్లల లాగులు ఆరుతుండేవి.

సోమేశ్వరరావుగారు రిటైరై రైల్వే గేటు దగ్గర చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో నన్ను అందరికంటే శ్రద్ధగా చదివింది ఎదురింటి ఇందుమతి, గార్డు భార్య. హైమవతిని పిన్నిగారూ అని పిలిచేది. ఒకరోజు ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పిన్నిగారూ! మా ఆడపడుచు ఇంట్లో అటక దులుపుతుంటే దొరికింది. పధ్నాలుగో వారం!"

హైమవతి వంటింట్లో నిలబడే చదివింది. పొయ్యి మీద పాలు పొంగాయి, చూసుకోలేదు. ఒకసారి అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చదివింది. వంటవాడు. పొలం తగాదా. తాతగారి వీలునామా.

"అందులో ఆ పెద్దావిడ లేదేంటండీ?" అంది ఇందుమతి. "మీరు చెప్పిన కథ..."

హైమవతి నన్ను తీసుకుని తెల్లకాగితాల దగ్గర తెరిచింది. ఆ కాగితాల మీద ఆమె అరచెయ్యి అంతసేపు ఎప్పుడూ ఉండలేదు. 'వెళ్ళేటప్పుడు మాత్రం నాకు చెప్పకమ్మా.' ఆ మాట కాదంబినీదేవిది కాదు. బదిలీ కాగితం దాచుకుని మెట్ల మీద కూచున్న మనిషిది. ఒక్క మాట చెప్పకుండా పోయిందని ఇన్నేళ్ళూ ఆమె ఎవరిని తిట్టుకుందో, ఆ మనిషి ఎదురుగా కూచుని అన్నీ చెప్పే వెళ్ళింది.

"అతికిద్దామా? మైదాపిండి ఉడికించనా?"

"వద్దు. ఆవకాయ జాడీకి మంచి కాగితం కావాలనుకుంటున్నాను. దాన్ని అట్లా ఇయ్యి."

"పిన్నిగారూ!"

"కూచో. పధ్నాలుగో వారం చెప్తాను."

ఎప్పటిలాగే చెప్పింది. తువ్వాలు, పీట, పప్పన్నం, వెళ్ళేటప్పుడు చెప్పకమ్మా. ఈసారి అక్కడ ఆగలేదు. "వచ్చేటప్పుడు కూడా చెప్పక్కర్లేదు. తలుపు గడియ పెట్టను" అని ఆ పెద్దావిడ చేత ఇంకో మాట అనిపించింది.

"ఇది ఇదివరకు లేదు కదండీ!"

"నేనే మరిచిపోయాను. ఇకనుంచి ఎవరికి చెప్పినా ఇలాగే చెప్పు. అచ్చులో ఉన్నది తప్పు."

తర్వాత ఇందుమతి భర్తకు గుంతకల్లు బదిలీ అయింది. ఆ ఊరి పేరు వినగానే హైమవతి నన్ను తెచ్చి ఆ పిల్ల సామాన్లలో, చీరల మధ్య పెట్టింది. పుస్తకం తిరిగివ్వకపోతే మూడు తరాల వాళ్ళని గుర్తుంచుకునే మనిషి ఆమె. "తొందరేం లేదు. చదివే పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరైనా కనబడితే ఇయ్యి" అంది. సుగుణ పేరు ఎత్తలేదు. నేను మాత్రం ఆ బండిలో దారి పొడుగునా ఆ పేరే తలుచుకున్నాను.

గుంతకల్లులో ఇందుమతి వీధి చివర రిటైరైన నర్సు ఒకావిడ ఉండేది. కంటి ఆపరేషన్ అయి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చదవకూడదన్నారని డాక్టరును తిడుతూ కూచునేది. ఇందుమతి జాలిపడి నన్ను పట్టుకెళ్ళింది.

"పొద్దు వాలని రేపు అండీ. బావుంటుంది. నేను చదివి వినిపిస్తాను."

"రేపా? విన్లేదే. కానియ్యమ్మా."

మొదటి పేరాలో మాలిని పేరు వచ్చింది. కుర్చీలో ఆ మనిషి నిటారుగా అయింది. రోజూ కొంచెం కొంచెం వింది. పదమూడో వారం అయ్యింది. తెల్లకాగితాలు వచ్చాయి.

"ఇక్కడ ఒక వారం లేదండీ. నోటితో చెప్పాలి. ఈ పుస్తకానికి అదో పద్ధతి. అచ్చులో ఉన్నది వేరు, నేనూ చూశాను. కానీ మా పిన్నిగారు ఇదే చెప్పమన్నారు."

చెప్పింది. సుగుణ తన కథను తానే వింది. ఏనాడో చింతపండు గింజలు తీస్తూ అబద్ధంగా అల్లినది ఎంతమంది నోళ్ళలోనో నాని వచ్చి, ఆమె ఎదురుగా పీట వేసుకుని కూచుంది. 'వెళ్ళేటప్పుడు నాకు చెప్పకమ్మా' దగ్గర కథ అయిపోయిందనుకుని నిట్టూర్చింది. ఇందుమతి ఆగలేదు.

"వచ్చేటప్పుడు కూడా చెప్పక్కర్లేదు. తలుపు గడియ పెట్టను అందండి ఆ పెద్దావిడ."

సుగుణ చెయ్యి చాచి నన్ను వెతికింది. దొరికాక వదల్లేదు.

"ఆ మాట నేను చెప్పలేదే" అంది మెల్లగా.

"మీరు చెప్పడమేంటండీ?"

"మీ పిన్నిగారికి ఇప్పటికీ నళినీకుమారే గొప్పా?"

ఇందుమతి తెల్లబోయింది. అసలు సంగతి అర్థమయ్యాక ఫోన్ తీసింది. "కలపమంటారా? మాట్లాడతారా?"

"వద్దు. వచ్చేటప్పుడు చెప్పక్కర్లేదందిగా."

"పోనీ పదిహేనో వారం చదవనా?"

"అదీ వద్దు. బదిలీ అయ్యాక నేనా పత్రిక ముట్టుకోలేదు. మిగతాది చెప్పడం వదిన వంతు."

ఇప్పుడు రైలు తాడేపల్లిగూడెం దాటింది, ఇక నిడదవోలే. ఇందుమతి పుట్టింటికి వస్తూ ఆమెను వెంట తీసుకొచ్చింది. డాక్టరు ఇంకా ప్రయాణాలు చెయ్యవద్దన్నాడట. ఒకప్పుడు రోగులు మాట వినకపోతే మండిపడిన నర్సమ్మ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కిటికీ పక్కన కూచుంది. కాళ్ళ దగ్గర సంచిలో చిన్న నిమ్మకాయ జాడీ ఉంది. నేను ఆమె ఒళ్ళో ఉన్నాను. నా తెల్లకాగితాల మధ్య ఆమె వేలు పెట్టుకుంది, ఎక్కడిదాకా వచ్చామో గుర్తు పోకూడదన్నట్టు.

గేటు దగ్గర ఇల్లు నాకు తెలుసు. ఆ తలుపు చప్పుడు కూడా తెలుసు. కానీ పధ్నాలుగో వారంలో ఏం జరుగుతుందో, ఈసారి నాకూ తెలియదు.