సముద్రానికేసి చూసే గడప

నేను ఒక గడపను. మీలో చాలామందికి ఇప్పుడు నాతో పని లేదు. నున్నటి రాళ్లు పరిచిన ఇళ్లలో నేనుంటే కాలికి తగులుతానట. పోనివ్వండి. నన్ను తొక్కకుండా దాటాలని పిల్లలకు నేర్పే తల్లులు ఇంకా కొందరున్నారు. వాళ్లలో ఒకావిడ చేతిలో పడ్డాను, అది నా అదృష్టం.

పుట్టుకతో నేను గడపను కాను, నావకు అడుగుదుంగను. కోనపాలెంలో ఎర్రయ్య అనే పల్లెకారు ఆ నావ మీద చేపల వేటకు పోయేవాడు. నావ ముసలిదైపోయి విప్పేసినప్పుడు మిగతా చెక్కలన్నీ పొయ్యిలోకి పోయాయి. నన్ను మాత్రం చెక్కించి, తాను కట్టుకున్న కొత్త ఇంటికి గడపగా వేయించాడు. తిరిగింది చాలు, ఇక ఒడ్డున హాయిగా పడి ఉందామనుకున్నాను. నేనొకటి తలిస్తే సముద్రం ఒకటి తలచింది.

ఆ ఇంట్లోకి ఎర్రయ్య భార్యగా నూకరత్నం వచ్చింది. ప్రతి శుక్రవారం నాకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టేది. పెడుతూ మొగుడి మీద నేరాలన్నీ నాకే చెప్పేది. ఎర్రయ్య నన్ను దాటి లోపలికి రాగానే అవన్నీ మరిచిపోయేది. మనుషుల కోపం ఎంతసేపుంటుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పల్లెకారులకు ఒక పట్టుదల ఉంది. గుమ్మం సముద్రానికేసే ఉండాలి. అన్నం పెట్టే తల్లికి వీపు చూపించకూడదంటారు. ఆ తల్లి ఏటికేడాది ముందుకు జరుగుతూ వచ్చి, ఒక ఏడు ఇంటి గోడను నాకేసింది. నూకరత్నం బిందెలకంటే ముందు నన్ను పెకలించి ఎత్తుకుంది. మళ్లీ ఎక్కడ కట్టారనుకున్నారు? ఆ వెనకే, నాలుగు అడుగుల అవతల, మళ్లీ సముద్రానికేసే. అదీ పోయింది. మూడోది కట్టారు, అదీ సముద్రానికేసే. మింగిన నోటికి ఎదురుగా కూర్చుని మళ్లీ విస్తరి వేసే జాతి ఇది. నవ్వుకున్నాను కానీ, వాళ్లమీద నాకు ప్రేమ తగ్గలేదు.

సముద్రం ఒక్కటే దారి తప్పిందనుకోకండి. ఎండలు ఎలా ముదిరాయంటే మధ్యాహ్నం నా ఒళ్లు చిటచిటమని పగిలేది. అలాంటి ఒక పగలే ఒడ్డున వల బాగుచేసుకుంటూ ఎర్రయ్య వడదెబ్బకు ఒరిగిపోయాడు. బావిలో నీళ్లు ఉప్పెక్కాయి. వేటకు గుజరాత్ పోయిన కొడుకు మసేను తిరిగొచ్చి, నన్ను దాటుతూనే, "అక్కడా అంతేనే అమ్మా. సేప సల్లటి నీళ్లు ఎతుక్కుంటా లోనికి ఎల్లిపోయింది" అన్నాడు. ఈ దేశానికి ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకటే కథ అన్నమాట.

అప్పుడే ప్రభుత్వం వాళ్లు ఊరికి దూరంగా, రోడ్డు పక్కన మెరక మీద కాలనీ కట్టించారు. మసేను భార్య లోవకుమారి కడుపుతో ఉంది. ఈ ఇల్లు ఎప్పుడు కూలుతుందో తెలియదు, వెళ్లిపోదామన్నాడు మసేను. నూకరత్నం వెళ్లి చూసొచ్చింది. గుమ్మం పడమటికి, రోడ్డుకేసి ఉంది. కింద చూస్తే చదునుగా ఉంది, గడప లేదు.

"ఇప్పుడెవరూ ఎయ్యట్లేదే," అన్నాడు మసేను.

"గడప లేని కొంపలో, సముద్రానికి ఈపు సూపించి, నా మనవడు పుట్టాలా? మీరెళ్లండి. నేను రాను."

"అత్త రాకపోతే నేనూ రాను," అంది లోవకుమారి. మసేను నన్ను కోపంగా చూశాడు. కూలబోయే ఆ ఇంట్లో, కడుపులో బిడ్డతో కలిపి నాలుగు ప్రాణాలు నా మూలంగా చిక్కుకుపోయాయని నాకు మొదటిసారి భయం వేసింది.

మాఘమాసంలో, పెళ్లి బాజాలు మోగే రోజుల్లో, కాలం కాని కాలంలో తుఫాను వచ్చింది. పట్టపగలే సముద్రం నన్ను తొక్కి ఇంట్లోకి నడిచింది. తొక్కకూడదని దానికి నేర్పిన తల్లి ఎవరు? మసేను భార్యను ఒడ్డెక్కించి తల్లి కోసం వెనక్కి వచ్చాడు. ఆవిడ మోకాటి లోతు నీళ్లలో వంగి నన్ను పట్టుకుని ఉంది. మసేను నోటికొచ్చినట్టు నన్ను తిడుతూనే గునపంతో పెకలించి భుజాన వేసుకున్నాడు. అప్పుడు కదిలింది ఆవిడ.

కాలనీకి చేరాక కూడా లోపల అడుగు పెట్టలేదు. నన్ను పక్కన పెట్టుకుని ఎండలో అరుగు మీద కూర్చుంది. లోవకుమారి గంజి గిన్నెతో వచ్చి, నిండు కడుపుతో ఆవిడ పక్కనే కూర్చుంది. పక్కింటికి పూత వేస్తున్న తాపీమేస్త్రీ హరిపద ఇది చూసి పని ఆపాడు. అతనిది బెంగాల్లో ఒక లంక. అక్కడ ఏరూ సముద్రమూ కలిసి ఊరిని తినేస్తే కూలికి ఇంత దూరం వచ్చాడు.

"మా ఇల్లు కూడా పోయింది అమ్మా," అన్నాడు వచ్చీరాని తెలుగులో. "గడప తియ్యలేదు మేము." తర్వాత ముందు గుమ్మంలోంచి కనపడుతున్న వెనక తలుపుకేసి చెయ్యి చూపించాడు. "సముద్రం అటు."

నూకరత్నం లేచి ఇంటి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లింది. సముద్రం కనపడలేదు. ఉప్పుకు మాడిన చేలు, వాటి అవతల తాటిచెట్ల వరస. కానీ గాలి అటునుంచే వస్తోంది. ఆవిడ ఆ గాలికి మొహం పెట్టి, "ఇది ఎనక తలుపు కాదు. ఇదే గుమ్మం" అంది.

హరిపద నేల తొలిచి నన్ను అక్కడ కూర్చోబెట్టాడు. నూకరత్నం పసుపు రాసి, కోడలి చెయ్యి పట్టుకుని, నా మీదుగా లోపలికి అడుగు పెట్టింది. నా బరువంతా దిగిపోయింది.

ఆ వారంలోనే వీధి వీధంతా వెనక తలుపులనే గుమ్మాలు చేసుకుని ఇళ్లను తిప్పేసుకుంది. కాలనీ ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దాయనకు రోడ్డువైపున పొయ్యిలూ అంట్లగిన్నెలూ స్వాగతం చెప్పాయి. మర్యాద తెలిసినవాడు. చుట్టూ తిరిగి వచ్చి, చెప్పులు విప్పి, నన్ను తొక్కకుండానే దాటాడు.

ఇప్పుడు మనవరాలు పాకుతోంది. నా దగ్గరికొచ్చి, పసుపు నాకి, మొహం చిట్లించి, దాటబోయి బోర్లా పడుతుంది. నూకరత్నం నవ్వి ఎత్తుకుంటుంది. నేను సుఖంగానే ఉన్నాను.

ఒక్క మాట చెప్పడం మరిచాను. ఆ రోజు హరిపద సిమెంటు కలపబోతే నూకరత్నం అతని చెయ్యి పట్టుకుంది. "సిమెంటొద్దు నాయనా. సెక్క సీలలు కొట్టు, సాలు. కోడలి కడుపులో బిడ్డ పెద్దయ్యాక దీన్ని మళ్లీ ఊడదీసుకోవాలి గదా."

హరిపద తాపీ పక్కన పెట్టి, చీలలు చెక్కడానికి కూర్చున్నాడు.