తెల్లబట్టల క్యాండిడేటు

తిరువూరులో కిరాణా కొట్టు నడిపే సుందరరామయ్యగారికి కాలక్షేపం ఇంగ్లీషు డిక్షనరీ. కొడుకు చంద్రశేఖరానికి విజయవాడలో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. వచ్చే నెలకి వాడికి సర్కారు ఉద్యోగాల వయసు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరుది.

ఇంకో తండ్రైతే లెక్కలు చదివించేవాడు. ఈయన క్యాండిడేటు అనే మాట ఎక్కడ పుట్టిందో చూశాడు. పూర్వం రోములో పదవులు కావాల్సినవాళ్లు బట్టలకి సుద్ద పట్టించుకుని, తెల్లగా మెరుస్తూ జనంలో తిరిగేవాళ్లట. తెల్లబట్టలవాడు అనే అర్థంలోంచే ఆ మాట వచ్చిందట.

"రంగు చొక్కా వేసుకున్నవాడు అసలు క్యాండిడేటే కాదురా."

"ఆ తెల్లబట్టల వాళ్లందరికీ ఉద్యోగాలొచ్చాయా?" అని వంటింట్లోంచి భార్య బాలామణి అడిగింది. అది పుస్తకంలో రాయలేదన్నాడాయన.

రోములో ప్యాంట్లు లేవు కాబట్టి పంచె కట్టించాడు. పైన గంజి పెట్టి ఇస్త్రీ చేయించిన ఖద్దరు లాల్చీ తొడిగించాడు.

బస్సులో కండక్టరు లేచి ముందు సీటిచ్చాడు. ఆఫీసులో ప్యూను నమస్కారం పెట్టి, లోపలి గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి కాఫీ తెచ్చాడు. ఎవరో నాయకుడి తాలూకు మనిషి, సిఫార్సుకి వచ్చాడనుకున్నారు. టెర్లిన్ చొక్కాల వాళ్లంతా బయట బల్లల మీద ఉన్నారు.

మొదటి గుక్కలోనే చంద్రశేఖరానికి సంగతి అర్థమైంది. కానీ కాఫీ ఇచ్చిన మనిషితో నేనూ ఆ బల్ల మీద వాణ్ణే అని ఎలా చెప్తాడు? తాగాక చెబుదామనుకున్నాడు. తాగేలోపు బిస్కెట్లు వచ్చాయి. ప్యూను తన బావమరిది ట్రాన్స్‌ఫరు గురించి తమరు ఒక్కమాట చెప్పాలని మొదలుపెట్టాడు. అప్పుడే వరండాలో వీడి పేరు పిలిచారు. పాపం కష్టం చెప్పుకుంటున్నాడు, మధ్యలో లేస్తే ఏం బాగుంటుంది? ఇంకోసారి పిలిచి, రాలేదని రాసుకున్నారు.

ట్రాన్స్‌ఫరు సంగతి చూస్తానని మాటిచ్చి సాయంత్రం బస్సెక్కాడు.

బస్టాండులో తండ్రి కాచుకుని ఉన్నాడు. జరిగిందంతా విన్నాడు. కోప్పడలేదు.

"క్యాండిడేటంటే ఏంటని అడిగారా?"

"నన్నేమీ అడగలేదు నాన్నా."

"అడిగితే చెప్పేవాడివేగా?"

"చెప్పేవాణ్ణి."

సుందరరామయ్యగారు తలూపాడు. ఇద్దరూ ఇంటివైపు నడిచారు. రేపట్నుంచి వాడు కూడా కొట్లోనే కూర్చోవాలి. ఆ కొట్లో ఒక్కడికే సరిపడా పని లేదు.