మిస్ లొరీన్ సోఫా

నల్లవాళ్ళ హక్కుల కోసం కొట్లాడిన బ్లాక్ పాంథర్ పార్టీ ముక్కలైపోయినా మా ఒడెస్సా అత్త నల్ల టోపీ తియ్యలేదు, ఉపన్యాసాలూ ఆపలేదు. సోమవారం పొద్దున్న ఇంటి ఓనరు మనుషులొచ్చి మా బిల్డింగు మూడో అంతస్తులో ఉండే మిస్ లొరీన్‌ని సామానుతో సహా వీధిలో పడేస్తారని తెలిసి, మీటింగు పెట్టింది. వచ్చింది నలుగురు. వాళ్ళూ అత్త చేసిన చిలగడదుంప స్వీటు కోసం వచ్చినవాళ్ళే.

శనివారం నేను వీధిదీపం స్తంభం నుంచి కరెంటు లాగి స్పీకర్లు పెడితే మాత్రం న్యూయార్కు బ్రాంక్స్ పేటలో సగం మా సందులోనే ఉంది. ఒకే పాటవి రెండు రికార్డులు. ఒకదాంట్లో డ్రమ్ముల ముక్క అయిపోగానే రెండోదాంట్లో అదే ముక్క వెయ్యడం, ఈలోగా మొదటిదాన్ని వెనక్కి తిప్పుకోవడం. కుర్రాళ్ళు నేలమీద గిరగిరా తిరుగుతూ డాన్సు చేస్తున్నారు. వాళ్ళని తోసుకుంటూ అత్త వచ్చింది.

“ఏంటే జెనీవా, రికార్డు అరిగిపోయిందా? వాయించిందే వాయిస్తావేంటి?”

“జనానికి నచ్చింది ఆ ముక్కే అత్తా. అది అయిపోనివ్వకపోవడమే నా పని.”

“విప్లవం చెయ్యాల్సిన వయసులో పిల్లిమొగ్గలా! మైకు ఇటివ్వు.”

“రెండు ముక్కల్లో చెప్పాలి మరి.”

“ఈ మాటల కోసం జైలుకెళ్ళొచ్చానే నేను!”

“చివరిదాకా వినలేకే ఆ జడ్జి లోపలేసుంటాడు.”

మైకు లాక్కుంది. “సోదరులారా, చారిత్రకంగా చూస్తే...” అందో లేదో, “దిగమ్మా తల్లీ!” అని కేకలు. అత్త మొహం చిన్నబోయింది. నా మనసు చివుక్కుమంది. పైగా మిస్ లొరీన్ నన్ను ఎత్తుకు పెంచిన మనిషి. ఆ డ్రమ్ముల ముక్కే మళ్ళీ వేసి, “ఒక్క మాట చాలత్తా” అన్నాను.

“సోమవారం! లొరీన్ గడప!” అని అరిచింది. నేను వెనక్కి తిప్పాను. మళ్ళీ అరిచింది. ఇంకోసారి తిప్పేసరికి వీధంతా అందుకుంది, ఓనరు ప్యాంటు మీద ఒక బూతు కూడా తగిలించి.

“ఆ బూతు నాది కాదు!” అంది అత్త, మైకులోనే.

సోమవారం జనం ఆ బూతు పాడుకుంటూనే వచ్చారు. ఓనరు మనుషులు సోఫా కిందికి దింపారు. మా కుర్రాళ్ళు దాన్ని పైకి మోసుకెళ్ళారు. వాళ్ళు మళ్ళీ దింపారు. వీళ్ళు మళ్ళీ మోశారు, ఈసారి మిస్ లొరీన్‌ని దానిమీద కూర్చోబెట్టి మరీ. ఆవిడ దర్జాగా కాళ్ళూపుకుంటూ వెళ్ళింది.

ఇంకోసారి దింపేసరికి వాళ్ళ మేస్త్రీ గోడకి చేరగిలబడ్డాడు. “ఇది ఎప్పటికి అయిపోతుంది తల్లీ?” అని రొప్పుతూ అడిగాడు.

అత్త నావైపు చూసింది. అంత ముద్దుగా నన్నెప్పుడూ చూడలేదు.

“అయిపోనివ్వకపోవడమే మా పని” అని అతనితో చెప్పి, కుర్రాళ్ళవైపు తిరిగింది.

“వెనక్కి తిప్పండ్రా!”