గోడమీద ఇరవై నాలుగు

"చలేస్తోందమ్మా," అన్నారు మామగారు.

కోడలు గుమ్మంలో నిలబడి భుజంతో మొహం మీది చెమట తుడుచుకుంది. "ఇరవై నాలుగు డిగ్రీలుంది మామయ్యా. ఇరవై నాలుగులో ఎవరికైనా చలేస్తుందా?"

"గోడమీది పెట్టె ఇరవై నాలుగంటోందా?" ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు. "అయితే నాదే పొరపాటయ్యుంటుందిలే."

ఆ పెద్దమనిషి అంత తేలిగ్గా ఒప్పుకోవడానికి కారణం ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన తూనికల ఇన్‌స్పెక్టరు. కొట్టుకొట్టుకూ తిరిగి కాటాలు పరీక్షించి, సరిగ్గా ఉన్నవాటికి ముద్ర వేసేవారు. ముద్ర పడ్డాక కాటా ఎంతంటే అంతే. కొన్నవాడు నెత్తీనోరూ కొట్టుకున్నా, అమ్మినవాడు ఒట్లు పెట్టినా ఆయనకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఇంట్లోనూ అదే వరస. ఒళ్లు కాలిపోతోందని కొడుకు ఏడిస్తే, థర్మామీటరు ఒప్పుకుంటే తప్ప బడి మాన్పించేవారు కాదు. ఆ కొడుకే పెరిగి రైలు డ్రైవరయ్యాడు, ఈ కోడలికి మొగుడయ్యాడు, హాలు గోడకు స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టె తెచ్చి బిగించాడు. తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది!

"దీనికి బుర్రుంది," అన్నాడతను బిగించిన రోజు. "ఇల్లు చల్లబడితే కింద సెల్లార్లోని హీటరు వేసి గదిగదికీ వేడిగాలి పంపుతుంది, వెచ్చబడితే ఆపేస్తుంది. నువ్వు దాని జోలికి మాత్రం వెళ్లకు."

వెళ్లొద్దంటే వెళ్లకుండా ఉండే రకం కాదు కోడలు. మర్నాడే ముప్పైకి పెట్టి ఇంటిల్లిపాదినీ ఉడకబెట్టింది. దాంతో అతను మనం పెట్టే అంకె ఇరవై రెండు దాటకుండా తాళం వేసి, మోడ్‌ల బొత్తాలు మాత్రం ఆమెకు వదిలేశాడు. "వాటితో ఆడుకో, నీ సరదా నేనెందుకు కాదనాలి," అన్నాడు వేళాకోళంగా. హీట్, కూల్, ఆటో, ఎకో, ఆఫ్. ఏది ఏం చేస్తుందో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాత మామగారికి గుండె ఆపరేషన్ అయింది. మెట్లెక్కే ఓపిక లేదు గనక కోడలు తన కుట్టుగది ఆయనకు ఇచ్చేసి, మిషనూ ఇస్త్రీ బల్లా హాల్లోకి లాక్కుంది. బల్లని సరిగ్గా ఆయన గది తలుపు పక్కనే వేసుకుంది. రాత్రీ పగలూ పని చేసినా ఆయన దగ్గితే చెవిన పడాలని ఆమె ఆరాటం. బల్ల పైన గోడకు పెట్టె ఉంది. కంటికెదురుగా అంకె కనిపిస్తుంటే అదీ మంచిదే అనుకుంది.

ఈ చలికాలం ఓ పెద్ద హోటల్ సిబ్బందికి ఉన్ని కోట్లు కుట్టే పని ఒప్పుకుంది. ఉన్ని మొండి గుడ్డ, ఆవిరి పడితే గాని మాట వినదు. తెల్లారింది మొదలు ఇస్త్రీపెట్టె బుసలు కొడుతూనే ఉండేది. ఆవిరికి మామగారికి దగ్గు తెర వస్తోందని ఆయన తలుపు గట్టిగా మూసి ఉంచేది. పెట్టె మీద అంకె ఇరవై నాలుగుకు ఎక్కితే మురిసిపోయింది కూడా. ఇరవై రెండు అడిగితే ఇరవై నాలుగు ఇస్తోంది, ఎంత మంచి పెట్టె!

మందులివ్వడానికి లోపలికి వెళ్లినప్పుడల్లా ఆవిర్లలో ఉడికిన ఆమె ఒంటికి ఆ గది హాయిగా అనిపించేది. ఆయన మాత్రం చలి చలి అని ఒకటే గొడవ. వినీ వినీ ఓ రోజు చిర్రెత్తుకొచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పాలి మామయ్యా! నేను అబద్ధం చెప్తున్నానా, పెట్టె అబద్ధం చెప్తోందా?"

ఆయన ఆ తర్వాత ఎప్పుడడిగినా "బానే ఉందమ్మా" అన్నారు. అమ్మయ్య, తగ్గింది, అనుకుంది ఆ పిచ్చితల్లి.

ఇవాళ మధ్యాహ్నం పాలు తీసుకెళ్తే ఆయన గ్లాసు పట్టుకోలేకపోయారు. పాలన్నీ దుప్పటి మీద ఒలికాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. ఏదో అనబోయారు గాని మాట ముద్దగా వచ్చింది. కోడలు దుప్పటి తీసి ఆయన పాదం పట్టుకుని, ఉలిక్కిపడి వదిలేసింది. మంచుగడ్డ ఇంకాస్త నయం.

భర్తకు ఫోన్ చేసింది. డ్యూటీలో ఉంటే అతని ఫోన్ ఆఫ్‌లో ఉంటుందని తెలిసి కూడా మళ్లీ మళ్లీ చేసింది. తర్వాత డాక్టరుకు చేసింది.

"గది ఎంత వెచ్చగా ఉంది?" అడిగాడు డాక్టరు.

"ఇరవై నాలుగండీ."

"అంత వెచ్చని గదిలో ఒళ్లు చల్లబడుతోందంటే గుండె రక్తాన్ని తోయలేకపోతోందేమో. అంబులెన్స్ పంపిస్తున్నాను. దగ్గరివాళ్లెవరైనా ఉంటే రమ్మనండి."

ఆ చివరి మాటకి అర్థం ఏమిటో కోడలికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. కన్నతండ్రి ఊసే ఎరగని పిల్ల ఆమె. పెళ్లయిన కొత్తలో ఆమె కుట్టిన మొదటి చొక్కా, ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ ఉన్నదాన్ని, టేపుతో కొలవకుండానే "సరిగ్గా ఉందమ్మా" అని ఆఫీసుకు తొడుక్కెళ్లిన మనిషి ఆయన. జన్మలో ఆయన కొలవకుండా ఒప్పుకున్నది ఆ ఒక్కటే. ఆ మనిషి ఈ పూట చెయ్యి దాటిపోతున్నాడు.

ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. తర్వాత హాల్లోకి పరిగెత్తి పెట్టె ముందు నిలబడింది. పెంచుదామంటే తాళం. మిగిలినవి మోడ్‌లే. హీట్‌లో ఉంది, కింద హీటరు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. ఆకు బొమ్మ ఉన్న ఎకో నొక్కింది. ఆకంటే మంచిదే అయ్యుంటుందని ఆమె ఆశ. పదహారు అని అంకె చూపించి ఊరుకుంది. ఇల్లు పదహారుకు దిగేదాకా తాను వేలు కదపనని దాని భావం. కోడలికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

"ఆటో," అంది పైకే. ఆటో అంటే అన్నీ అదే చూసుకుంటుంది కదా. నొక్కగానే గోడల్లో ఎక్కడో గుర్రుమని కదలిక వచ్చింది. "హమ్మయ్య, కదిలావా తల్లీ!" అంటూ మామగారి గదిలోకి పరిగెత్తింది.

మంచం పైన గోడలో గాలి వచ్చే జాలీలోంచి గాలి వస్తోంది. చెయ్యి పెట్టి చూసింది. చల్లగాలి! ఇరవై రెండు దాటితే చల్లబరచమని ఆటోకు ఆజ్ఞ. అది ఇరవై నాలుగు చూసింది, బుద్ధిగా చల్లబరుస్తోంది. పోతున్న మనిషి మొహం మీదికి తన చేత్తోనే చల్లగాలి వదిలింది కోడలు.

"అయ్యో, నేను చంపేస్తున్నాను, నేనే చంపేస్తున్నాను," అని అరుస్తూ పోయి ఆఫ్ నొక్కింది. గాలి ఆగిపోయింది. నొక్కడానికి ఇంకేమీ మిగల్లేదు. బల్ల కాలు పట్టుకుని నేల మీద చతికిలబడి, ఏ దేవుడి పేరూ నోటికి రాక, "వద్దు, వద్దు" అని ఏడ్చింది.

అప్పుడు కమురు వాసన కొట్టింది. ఇందాక పాలు కాచడానికి లేస్తూ ఇస్త్రీపెట్టెని కోటు మీదే వదిలేసింది. లేచి ప్లగ్గు పీకి పారేసింది. కోటు వీపు మీద నల్లటి మచ్చ. పోతే పోయింది దిక్కుమాలిన కోటు.

తల ఎత్తేసరికి పెట్టె మీద ఇరవై మూడు.

ముందు పట్టించుకోలేదు. మామగారి అరికాళ్లు రుద్ది వచ్చి చూస్తే ఇరవై. ఇది కూడా చెడిపోయి ఏడ్చిందా అని తిట్టుకుంది. మళ్లీ చూస్తే పద్దెనిమిది. ఇల్లన్నది ఇంత గబగబా చల్లబడుతుందా? ఆమె పెట్టె కింద గోడ మీద అరచెయ్యి పెట్టింది. గోడ ఇంకా వెచ్చగా ఉంది. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ పెట్టింది. చెయ్యి జివ్వుమంది.

మామగారి గదిలోకి వెళ్లి, ఏ పనీ చేయకుండా ఊరికే నిలబడింది. ఇన్నాళ్లలో ఆ గదిలో ఆమె ఊరికే నిలబడటం ఇదే మొదలు. చెమట ఆరిపోయింది. కాసేపటికి పళ్లు టకటకలాడటం మొదలుపెట్టాయి.

ఆ పెట్టె ఇన్నాళ్లూ కొలిచింది ఇంటిని కాదు. ఆమె ఇస్త్రీ ఆవిరిని. ఇల్లు వెచ్చగా ఉందని నమ్మి అది హీటరు ఆపేసుకు కూర్చుంది. మూసిన తలుపు వెనక ఈ గది చలికి బిగుసుకుపోయింది. ఆయన చెప్పారు. పదేపదే చెప్పారు. ఆ పెద్దాయన నోరు మూయించింది మాత్రం ఆమే.

ఒక్క అంగలో వెళ్లి బల్లని ఈడ్చి అవతలి గోడకు కొట్టింది. పెట్టె పదిహేను చూపిస్తోంది. హీట్ నొక్కింది. కింద హీటరు ధడేలుమని లేచింది. తలుపు బార్లా తీసి, వేడినీళ్లు సీసాల్లో నింపి గుడ్డలు చుట్టి ఆయన పక్కల్లో పెట్టి, తను కూడా మంచమెక్కి ఆ పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అంబులెన్స్ వాళ్లు వచ్చేసరికి అలాగే ఉంది. నర్సు నాడి చూస్తూ, "గది ఇరవై నాలుగన్నారు కదండీ," అంది.

"కాదు, నేనే తప్పు చెప్పాను. ఇది చలిగది. ఎన్నాళ్లుగానో చలిగది," అంది కోడలు.

నర్సు ఆమె వంక ఒకసారి చూసి, ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "గుండె మరీ అంత డీలా పడలేదు. ముందు మెల్లగా వెచ్చబడనివ్వండి, కదిలించడం గురించి తర్వాత చూద్దాం," అంటూ డాక్టరుకు ఫోన్ చేయడానికి బయటికెళ్లింది.

జాలీలోంచి వెచ్చని గాలి వస్తోంది. మామగారు కళ్లు తెరిచారు.

"చలేస్తోందా మామయ్యా?"

"లేదమ్మా, బానే ఉంది."

ఆ పాదాలు ఇంకా ఆమె ఒళ్లో చల్లగానే ఉన్నాయి. కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. "నిజం చెప్పండి. మీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను."

ఆయన చూపు మెల్లగా హాలు వైపు తిరిగింది. "పెట్టె ఎంతంటోంది?"

"దాన్ని వదిలేయండి. మీరు చెప్పండి."

ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూశారు. తిడుతుందేమోనని బెదిరే చూపు అది.

"చలేస్తోందమ్మా," అన్నారు.

"అవును మామయ్యా," అంది కోడలు. "చలిగా ఉంది."